కొబ్బరికాయ కొట్టడానికి కుట్టించిన కోటు

మా ఇంట్లో బీరువాలో ఒక కోటు వేలాడుతూ ఉంటుంది. ముదురు నీలం రంగు. బ్యాంకాకులో కొలతలిచ్చి కుట్టించుకున్నది. రిటైరై రెండేళ్ళు దాటినా, ఇప్పటికీ తొడుక్కుంటే భుజాల దగ్గర ఒక్క ముడత పడదు. కుడి చేతికి మాత్రం మోచేయి నుంచి మణికట్టు దాకా పచ్చటి మరక ఉంది. మొదటిసారి చూసినవాళ్ళు ఏదో పెళ్ళిలో పసుపు అంటిందనుకుంటారు. అది మామిడి గుజ్జు. అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పుడు పని గురించి చెప్పాలి. పొరపాటు అని సర్దుకోవచ్చు గానీ, పొరపాటంటే తెలియక చేసేది. ఇది తెలిసి చేసింది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు, ముఖ్యంగా కాగితం కింద సంతకం పెట్టే హోదా ఈ మధ్యే వచ్చినవాళ్ళు, ఇది చదివి నన్ను చూసి నవ్వుకుంటే చాలు. నవ్విన సంగతి మనిషికి గుర్తుంటుంది.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. చివరి పదేళ్ళు మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జిని. జూన్‌లో తోతాపురి కాయ దిగడం మొదలైతే మా గేటు బయట ట్రాక్టర్లు రోడ్డు మలుపు దాకా బారులు తీరేవి. ఆ రెండు మూడు నెలలు మేము ఎవరి పెళ్ళికీ పోము, జ్వరం వచ్చినా లెక్కచేయము. మిగతా కాలమంతా మిషన్లు విప్పడం, కడగడం, మళ్ళీ బిగించడం. ఒంటికి అంటుకున్న మామిడి వాసన సంక్రాంతి దాకా పోదని మా ఆవిడ అనేది.

అట్లాంటి ఉద్యోగంలో ఉన్నవాడికి కోటు మీద ఆశ ఎందుకు పుట్టిందంటే, దానికి కారణం ఒక సూట్‌కేసు.

ఒకసారి మా గుజ్జు కొనే విదేశీ కంపెనీ మనిషి ఫ్యాక్టరీ చూడటానికి వచ్చాడు. నేను ఇస్త్రీ చేసిన పొట్టి చేతుల చొక్కా వేసుకుని, మేనేజరు పక్కన నిలబడి ఉన్నాను. ఆ పెద్దమనిషి కారు దిగి, మేనేజరుకు చెయ్యి కలిపి, నా చేతిలో తన సూట్‌కేసు పెట్టాడు. నన్ను మేనేజరుగారి డ్రైవరనుకున్నాడు. నేనేం చేశానంటారా? మర్యాదగా తీసుకెళ్ళి మేనేజరు కారులో పెట్టి వచ్చాను. తర్వాత గంటసేపు ఆయనకు మిషన్లన్నీ వివరించింది నేనే. కానీ ఆ మొదటి నిమిషం నా లోపల ముల్లులాగా ఉండిపోయింది.

అదంతా చూసినవాడు ఒక్కడే, మా ఎలక్ట్రీషియన్. సత్యవేడు దగ్గర పల్లెవాడు, నాకంటే పన్నెండేళ్ళు చిన్న. మాటలో సగం తమిళం కలుస్తుంది. ఏ పనైనా ఒకటికి రెండుసార్లు చూడనిదే వదలడు. ఇంట్లోనూ ఫ్యాక్టరీలోనూ నేను అతన్ని తమ్ముడనే పిలిచేవాణ్ణి, ఇక్కడా అట్లాగే రాస్తాను. ఆ రోజు సాయంత్రం టీ దగ్గర అతను ముఖం మామూలుగా పెట్టుకుని అడిగాడు.

"అన్నా, సూట్‌కేసు డిక్కీలో పెట్టినావా, సీట్లోనా?"

"నోరు ముయ్యప్పా."

"అట్ల కాదన్నా, టిప్పు ఏమన్నా ఇచ్చినాడేమో అని."

ఇది జరిగిన కొన్నాళ్ళకు కంపెనీవాళ్ళు కిలో సంచుల్లో గుజ్జు నింపి అమ్మాలని నిర్ణయించారు. అప్పటిదాకా మేము డబ్బాలు, డ్రమ్ములే నింపేవాళ్ళం. సంచి నింపి, మూతి వేడితో అతికించే మిషన్ బ్యాంకాక్ బయట ఒక చోట తయారవుతుంది. పంపించే ముందు కొన్నవాళ్ళ మనుషులు వెళ్ళి, నడిపించి చూసి, బాగుందని సంతకం పెట్టాలి. ఆ సంతకం పడితేనే మిషన్ ఓడ ఎక్కుతుంది. మేనేజరు నన్నూ తమ్ముణ్ణీ పొమ్మన్నాడు. మన గుజ్జుతోనే పరీక్ష చేయాలని, అంతకుముందు సీజన్‌లో తీసిన తోతాపురి గుజ్జును ఐదు పెద్ద డబ్బాల్లో ముందుగానే పంపించారు.

మిషన్ వచ్చాక మా ఫ్యాక్టరీలో ప్రారంభోత్సవం ఉంటుంది. కొనేవాళ్ళు వస్తారు, ఫోటోలు తీస్తారు, మిషన్‌కు పూజ చేసి కొబ్బరికాయ కొట్టేది మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జే. అది మా దగ్గర మొదటినుంచీ ఉన్న పద్ధతి. ఆ రోజు నా చేతిలో ఎవడూ సూట్‌కేసు పెట్టకూడదని విమానం ఎక్కకముందే గట్టిగా అనుకున్నాను.

తిరుపతివాళ్ళం విమానం ఎక్కుతున్నామంటే సంచిలో లడ్డూలు లేకుండా ఇంట్లోవాళ్ళు గడప దాటనివ్వరు. మా ఆవిడ ఆరు లడ్డూలు కట్టి ఇచ్చింది. "మిషన్ చేసేవాళ్ళకు ఇవ్వండి, మనసు పెట్టి చేస్తారు," అంది. ఆ ఆరింటిలో ఒకటి దారి తప్పడం వల్లే ఈ కథ జరిగింది.

మేము దిగిన హోటలున్న వీధి నిండా దర్జీ దుకాణాలే. ఒక్క రోజులో కోటు కుట్టిస్తామని బోర్డులు. సోమవారం సాయంత్రం ఒక దుకాణం ముందు నేను నెమ్మదిగా నడుస్తుంటే లోపలినుంచి ఒక ముసలాయన తమిళంలో పిలిచాడు. వాళ్ళ తాత కాలంలోనే అక్కడికి వచ్చి స్థిరపడిన కుటుంబమట. చిత్తూరు జిల్లా వాళ్ళకు తమిళం పరాయి భాషేమీ కాదు కదా, దేశం కాని దేశంలో ఆ పిలుపు వినేసరికి ప్రాణం లేచొచ్చింది. మా మాటలన్నీ తమిళంలోనే సాగాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఏ ఊరు?"

"తిరుపతి."

ఆయన మెడలో ఉన్న కొలతల టేపు తీసి పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించాడు. నాకు కాదు, ఊరికి. ఊరు చెప్పగానే జనం అట్లా చేయడం మాకు అలవాటే. నేను తమ్ముణ్ణి హోటలుకు పంపి ఒక లడ్డూ తెప్పించి ఆయనకిచ్చాను. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని, చిటికెడు నోట్లో వేసుకుని, మిగతాది అద్దాల అల్మారాలో గుడ్డల పైన పెట్టాడు.

"ఏం చేసేదానికి కోటు?" అని అడిగాడు.

"వేసుకునేదానికి," అన్నాను.

"అది సరే. వేసుకుని ఏం చేస్తావు? కూర్చుంటావా, నిలబడతావా, నడుస్తావా?"

తమ్ముడు ఊరుకుంటాడా? "కొబ్బరికాయ కొడతాడండీ," అన్నాడు.

నేను సిగ్గుతో చచ్చాను. ముసలాయన మాత్రం నవ్వలేదు. పుస్తకంలో నా కొలతల పక్కన ఆ మాట రాసుకున్నాడు. తర్వాత నన్ను వంగమన్నాడు, చెయ్యి పైకెత్తమన్నాడు, కొట్టమన్నాడు. ఆ దుకాణం నేల మీద నేను చేతిలో లేని కొబ్బరికాయను ఏడెనిమిది సార్లు కొట్టాను. వీధిలో పోతున్న తెల్లవాళ్ళు ఆగి చూశారు.

"వచ్చేవాళ్ళకు రెండు రోజుల్లో ఇచ్చి పంపిస్తాను," అన్నాడు ఆయన. "స్వామి ఊరి మనిషికి అట్లా ఇవ్వను. మూడు ట్రయల్స్ చూడాలి. బుధవారం, గురువారం సాయంత్రం రా. శుక్రవారం పొద్దున పదకొండుకు మూడోది. దాని తర్వాత సరిచేసేదానికి నాకు మూడు గంటలు కావాలి."

శుక్రవారం రాత్రి మా విమానం. సరేనన్నాను.

మంగళ, బుధ, గురువారాలు మిషన్ దగ్గరే గడిపాము. మా గుజ్జు డబ్బాలు ఓడరేవులో కాగితాల దగ్గర ఆగిపోయాయి. అందుకని నీళ్ళతో నడిపించి చూపించారు. ఏం చెప్పను, పూలదండ కట్టినట్టు ఒకదాని వెనక ఒకటి సంచులు వచ్చాయి. ఒక్క చుక్క కారలేదు. తమ్ముడు మాత్రం ప్రతి సాయంత్రం, "నీళ్ళు ఏ మిషన్లోనైనా పోతాయన్నా. గుజ్జు సూడల్ల," అనేవాడు. నేను తల ఊపి ట్రయల్‌కు పోయేవాణ్ణి. తెల్లదారంతో పొడుగు పొడుగు కుట్లు వేసిన కోటులో అద్దం ముందు నిలబడితే, అందులో ఉన్నవాడు నాకంటే రెండంగుళాలు ఎత్తుగా కనిపించేవాడు.

శుక్రవారం పొద్దున పదిన్నరకు గుజ్జు డబ్బాలు వచ్చాయి. తమ్ముడు అప్పటికే మిషన్ దగ్గరున్నాడు. నేను అప్పుడే దర్జీ దుకాణం మెట్లెక్కుతున్నాను. ఫోన్ మోగింది.

"అన్నా, సరుకు వచ్చిండాది. నువ్వొస్తే ఎక్కిస్తాము. నువ్వు లేకుండా మొదలుపెట్టేదానికి లేదంట."

ట్యాక్సీ ఎక్కితే గంట దారి. అక్కడికి వెళ్ళి, గుజ్జు ఎక్కించి, నడిపి, మళ్ళీ మిషన్ కడిగేసరికి సాయంత్రమవుతుంది. కోటు అక్కడే ఉండిపోతుంది.

"నీళ్ళతో మూడు రోజులు నడిచింది కదప్పా," అన్నాను.

"నీళ్ళు వేరే, గుజ్జు వేరే అన్నా."

"సూడు, నేను ఇరవై ఏండ్లుగా గుజ్జులోనే ఉండాను. ఆ మిషన్‌కు ఏమీ కాదు. నడిపినట్టు రాసేయ్. సాయంత్రం నేనొచ్చి సంతకం పెడతా."

ఫోన్లో వెనకాల మిషన్ల చప్పుడు వినబడుతూ ఉంది.

"రాయమంటావా?"

"రాయి."

"రాస్తే అది నా రాత అవుతుందన్నా."

"నేనుండా కదప్పా," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పటికీ ఆ గొంతు నా చెవుల్లో ఉంది.

మూడో ట్రయల్ గంటన్నర పట్టింది. కోటు తొడిగి అంతా చూశాక ముసలాయన, "నీ జేబుల్లో రోజూ ఉండేవన్నీ తీసి కోటు జేబుల్లో పెట్టు," అన్నాడు. రెండు ఫోన్లు, కళ్ళద్దాల పెట్టె, తాళాల గుత్తి, చిన్న స్పానరు, పర్సు. అన్నీ పెట్టాను. ఎడమవైపు కోటు కిందికి లాగింది. "చూశావా? ఖాళీ జేబులతో ఏ కోటైనా బాగానే కూర్చుంటుంది. నువ్వు మోసే బరువుతో చూడాలి," అన్నాడు. సుద్దతో గీతలు గీసి, ఆ వైపు లోపల గట్టి గుడ్డ వేయించాడు. ఆ మాట నేను మెచ్చుకున్నాను కూడా. బుర్ర ఊపి, ఎంత పనితనం అనుకున్నాను. అప్పుడు నా మిషన్ గుర్తుకు రాలేదు. వస్తే బాగుండేది.

ట్రయల్ జరిగిన రోజూ గంటా ఒక చిన్న అట్ట మీద రాసి, నా చేత పొట్టి సంతకం చేయించి, దాన్ని కోటు లోపలి జేబులోనే పెట్టి ఇవ్వడం ఆయన పద్ధతి. సాయంత్రం కోటు చేతి మీద వేసుకుని మిషన్ దగ్గరికి వెళ్ళాను. తమ్ముడు రిపోర్టు రాసి ఉంచాడు. శుక్రవారం పదకొండు నుంచి రెండు దాకా గుజ్జుతో నడిపాము, లీకు లేదు. పరీక్షించినవాడి చోట తన సంతకం. చూసినవాడి చోట నేను పెట్టాను. డబ్బాల్లోని గుజ్జును అక్కడి పనివాళ్ళకు ఇచ్చేశామని చెప్పాడు. వాళ్ళు దాన్ని అన్నంలో కలుపుకుని తిన్నారట. విమానంలో నేను ఆ మాట తలుచుకుని నవ్వాను. తమ్ముడు కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

జూన్ మొదట్లో మిషన్ వచ్చింది, బిగించాము. ప్రారంభం రోజు మా చిత్తూరు ఎండలో నేను ఉన్ని కోటు తొడుక్కుని దిగాను. సంచుల లైన్ మీద పనిచేయబోయే ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో పెద్దావిడ నోటికి అడ్డూ అదుపూ ఉండదు.

"ఏం సార్, పెండ్లికొడుకు మాదిరి వచ్చినారు. ఇంట్లో అక్కకు తెలుసునా?"

"తెలుసమ్మా, ఆమే బొత్తాలు పెట్టింది."

"అయితే సరే. సెమటకు నీళ్ళు కావాల్నంటే సెప్పండి, బకెట్టు తెస్తాము."

కొనే కంపెనీ నుంచి వచ్చినవాళ్ళలో ఆ సూట్‌కేసు పెద్దమనిషీ ఉన్నాడు. ఈసారి నాకు చెయ్యి కలిపాడు. నా జన్మ తరించింది. మిషన్‌కు పసుపు, కుంకుమ, నాలుగు మూలలా నిమ్మకాయలు. నేను వంగి, చెయ్యెత్తి, ఒక్క దెబ్బకు కొబ్బరికాయ కొట్టాను. కోటు ఎక్కడా పట్టలేదు, ఎక్కడా లాగలేదు. దానికోసమే పుట్టినట్టు కదిలింది. అంతా చప్పట్లు కొట్టారు.

ముందు నీళ్ళతో నడిపాము. బ్రహ్మాండం. తర్వాత గుజ్జు వదిలాము.

నీళ్ళ ధార తెగినట్టు గుజ్జు ధార తెగదు. గొట్టం మూతి దగ్గర తీగలాగా సాగి వేలాడుతుంది. ఆ తీగ వచ్చి సంచి మూతి మీద పడితే, అక్కడ వేడి పెట్టినా అతుక్కోదు. చూడటానికి అతుక్కున్నట్టే ఉంటుంది. మొదటి సంచి అందంగా దొర్లుకుంటూ వచ్చింది. నేను పెద్దమనుషులకు చూపించడానికి దాన్ని చేతిలోకి తీసుకుని గట్టిగా నొక్కాను. మూతి విచ్చుకుని కిలో గుజ్జు నా కుడి చేతి మీదుగా జారి, ఆయన బూట్ల మీద పడింది. వెనకాలే వచ్చిన సంచులన్నీ బెల్టు మీద కారుతున్నాయి. పెద్దావిడ గొంతు వినబడింది. "అయ్యో, సార్ కోటూ!"

అతిథులను భోజనానికి పంపించి మేనేజరు బ్యాంకాక్ రిపోర్టు తెప్పించాడు. ఆయన కోపం వస్తే గొంతు పెంచడు, తగ్గిస్తాడు. అందరి ముందూ ఆ వాక్యం చదివాడు. "గుజ్జుతో నడిపినాము, లీకు లేదు అని రాసుండాది. పరీక్ష చేసింది ఎవురు?"

సంతకం తమ్ముడిది. అతను నా వైపు ఒక్కసారి చూశాడు, అంతే. నేను చెప్పాల్సిన మాట ఒకే ఒక్కటి ఉంది. దానికి బదులు నా నోటినుంచి వచ్చింది ఇది:

"పైపులో గాలి ఏమన్నా చేరిందేమో సార్."

ఆ గాలి మీద రెండు రోజులు బతికాను. ఈ ఏడు గుజ్జు చిక్కగా ఉందన్నాను, కరెంటు హెచ్చుతగ్గులన్నాను. నేను చెప్పిన ప్రతి కారణాన్నీ తమ్ముడు విప్పి చూశాడు, ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. బయట ట్రాక్టర్లు, లోపల పాత లైన్లో డబ్బాలు నిండుతున్నాయి, కొత్త మిషన్ మాత్రం పూజ బొట్లతో ఖాళీగా నిలబడి ఉంది. రెండో రోజు సాయంత్రం ఆఫీసు గుమస్తా నా చెవిలో చెప్పాడు, తమ్ముణ్ణి పని నుంచి తీసేసే ఉత్తరం టైపు అవుతోందని. అతను ఆ నెలలోనే పల్లె వదిలి భార్యనూ కూతుర్నీ చిత్తూరుకు తెచ్చుకున్నాడు, పాపను బడిలో వేయడానికి. అంతా విని నేను ఏం చేశాను? బస్సెక్కి తిరుపతికి, ఇంటికి వచ్చాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఇంట్లో మా ఆవిడ వరండాలో కూర్చుని నిమ్మచెక్కతో కోటు చేతిని రుద్దుతోంది.

"మరక పోలేదు. పోయేట్టు లేదు," అంది. లోపలి జేబులోంచి అట్టముక్క తీసింది. "ఇదేంది, మూడు తేదీలు రాసుండాయి, మీ సంతకం ఉండాది. మందుల చీటీనా? కావాల్నా, పారేద్దునా?"

తీసుకుని చూశాను. మూడో ట్రయల్, శుక్రవారం, పదకొండు గంటలు. కింద నా పొట్టి సంతకం. అదే శుక్రవారం, అదే పదకొండు గంటలకు, బ్యాంకాక్ బయట మిషన్ దగ్గర నేను నిలబడి గుజ్జు పరీక్ష చూశానని ఇంకో కాగితం మీద కూడా నా సంతకమే ఉంది. ముసలాయన గొంతు వినబడినట్టయింది. నువ్వు మోసే బరువుతో చూడాలి. కోటుకైతే చూపించుకున్నాను.

"కావాల," అన్నాను.

మరునాడు పొద్దున అందరికంటే ముందు మేనేజరు గదిలోకి వెళ్ళాను. ఆయన బల్ల మీద ఆ ఉత్తరం సంతకం కోసం సిద్ధంగా ఉంది. దాని మీద అట్టముక్క పెట్టాను.

"ఏంది ఇది?"

"దర్జీ చీటీ సార్. ఆ శుక్రవారం పదకొండు గంటలకు నేను మిషన్ దగ్గర లేను. గుజ్జుతో నడపలేదు. నేనే రాయమన్నాను. వాడు వద్దన్నాడు."

ఆయన అట్టను దగ్గరగా పట్టుకుని చూశాడు. తిప్పి చూశాడు. మళ్ళీ చూశాడు.

"కోటు కోసరమా?"

"కోటు కోసరమే సార్."

"నేనింకా ఏమో అనుకుంటి కదప్పా. మిషన్ వాళ్ళు నిన్నేమన్నా లోబరుచుకున్నారేమో అని. కోటుకా!" తల పట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. తర్వాత గొంతు తగ్గింది. "రెండు దినాలు వాణ్ణి అందరి ముందర నిలబెట్టినాను. నువ్వు పక్కనే నిలబడి సూస్తా ఉంటివి. కోటుకు పోయినదాన్ని క్షమిస్తా. దీన్ని క్షమించేదానికి నాకు టైము పడుతుంది."

 

శిక్షగా రెండు చెప్పాడు. కొత్త రిపోర్టు నా చేతి రాతతో రాసి హెడ్డాఫీసుకూ మిషన్ వాళ్ళకూ పంపాలి. మిషన్ నడిచేదాకా తమ్ముడు చెప్పినట్టు నేను పనిచేయాలి. రిపోర్టులో, గుజ్జుతో పరీక్ష జరగలేదు, ఆ సమయంలో నేను దర్జీ దగ్గర ఉన్నాను అని రాశాను. ఇరవై ఎనిమిదేళ్ళలో నేను రాసినవాటిలో అందరూ చదివిన కాగితం అదొక్కటే. ఆ వారం నుంచి రిటైరయ్యేదాకా నేను కోటు సార్‌నే. సంచుల లైన్ ఆడవాళ్ళకైతే పండగ. క్యాంటీన్లో సాంబారు పలచగా ఉన్నా, "దీన్ని నీళ్ళతో సూసినారా సార్, గుజ్జుతోనా?" అనేవాళ్ళు.

గొట్టం చివర గుజ్జు తీగను టక్కున కోసే చిన్న మూత పెట్టాలని తమ్ముడు కనిపెట్టాడు. చిత్తూరులో ఒక లేత్ షాపులో దాన్ని తయారు చేయించాము. మొదటిది సరిగ్గా కుదరలేదు, రెండోదీ అంతే. లేత్ తిరుగుతుంటే బయట బెంచీ మీద టీ తాగుతూ అడిగాను, "నువ్వే ఎందుకు చెప్పలేదప్పా?"

"నువ్వు చెప్తావని చూస్తి అన్నా."

"చెప్పకుండా ఉండి ఉంటే?"

"ఆ పొద్దు నేనే చెప్పేద్దామని బయల్దేరినా. నేనేమన్నా దేవుణ్ణా? గేటు కాడికొస్తే వాచ్‌మెన్ సెప్పినాడు, నువ్వు అప్పుడే లోపలికి పోయినావని." టీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు అయిదు నిమిషాలు లేటుగా వచ్చింటే నీ పరువు పోయుండునన్నా."

"ఇప్పుడు పోలేదా?"

"పోయింది. కానీ నువ్వే పోగొట్టుకుంటివి కదా, అది వేరే."

తొమ్మిది రోజులకు మిషన్ నడిచింది. నాలుగో మూత కుదిరింది. బ్యాంకాకులో ఒక్క పూట గుజ్జుతో నడిపి ఉంటే, అక్కడే, వాళ్ళ చేతే చేయించి తెచ్చేవాళ్ళం. ఆ తర్వాత కొన్నేళ్ళకు కంపెనీ ఇంకో ఫ్యాక్టరీ పెట్టినప్పుడు దాని ఇన్‌ఛార్జిగా నాకు బదులు తమ్ముణ్ణి వేశారు. వయసులో, సర్వీసులో నేనే పెద్ద. బాధపడ్డాను, అబద్ధం చెప్పను. కానీ ఎందుకు నాకు రాలేదని ఎవరినీ అడగలేదు. రిటైరైన రోజు నేను ఆ కోటే తొడుక్కున్నాను, మరకతోనే. శాలువా కప్పుతూ మేనేజరు, "ఎడమ చెయ్యి ఖాళీగా ఉండాది, ఆ పక్క కూడా పోయమంటావా?" అన్నాడు. ఆయనకు పట్టిన టైము అప్పటికి అయిపోయిందని నాకు అర్థమైంది.

ఈ మధ్య ఒక పొద్దున అలిపిరి దాకా నడిచి తిరిగి వస్తుంటే ఫోన్ మోగింది. తమ్ముడు. తన ఫ్యాక్టరీకి కొత్త మిషన్ చూడటానికి బ్యాంకాక్ వెళ్ళాడు. అదే చోటు.

"అన్నా, దర్జీ ముసలాయన బాగుండాడు. లడ్డూ ఇచ్చొచ్చినా. కొబ్బరికాయ ఆయన ఎట్లుండాడని అడిగినాడు."

"నువ్వు కోటు కుట్టించుకుంటావుండావా?"

"ఊరుకుంటాడా ఆయన? మూడు ట్రయల్సు అన్నాడు. నాకు పని ఉండాది, మిషన్ విడిచి రాలేనంటి. ఈ పొద్దు ఆయనే టేపు ఎత్తుకోని ఈడికొచ్చేసినాడు. మిషన్ పక్కన నిలబెట్టి కొలుస్తా ఉండాడు. సెయ్యెత్తమంటే ఎత్తుతా ఉండా, కన్ను మాత్రం మిషన్ మిందనే."

నవ్వాను. మా ఫ్యాక్టరీలో ఎవరూ అడగకుండా వదలని ప్రశ్న నేనూ అడగబోయాను, నీళ్ళా, గుజ్జా అని. ఆగి, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను. దూరంగా ఒకటే లయలో చప్పుడు, ధప్పు, ధప్పు, ధప్పు. ఇరవై ఎనిమిదేళ్ళు విన్నవాణ్ణి. నీళ్ళు అట్లా పడవు.

అడగలేదు.